మూత పెట్టిన పెన్ను

యూనివర్సిటీలో అంతర్జాతీయ సంబంధాలు, భద్రత చదివే రోజుల్లో నాకో సీనియర్ ఉండేవాడు. అసలు ప్రశ్న అడిగే ముందు పెన్నుకు మూత పెట్టి జేబులో వేసుకునేవాడు. ఇక రాసుకోడులే అని, ఆ టక్కుమనే చప్పుడుకు ఎంత గట్టివాడైనా నోరు విప్పేవాడు.

అతని థీసిస్ శాంతి ఒప్పందాల మీద. విదేశాలకు వీసా కావాలి, పులివెందులకు బస్సు టికెట్టు చాలు. నేనే మా మామ దగ్గరికి తీసుకెళ్లాను. మామ అక్కడి ఫ్యాక్షన్‌లో ఒక వర్గానికి పెద్ద. క్షవరానికైనా జీపులో ఆరుగురిని వెంటేసుకుని పోతాడు.

మూత టక్కుమంది. మామ చెప్పేశాడు.

"మావోళ్లకు తెలీదప్పా. అవతలోళ్లతో రాజీ మాట్లాడతాండా. పిల్లోళ్లు పెద్దోళ్లయితాండారు, ఇంగ చాలు."

థీసిస్‌లోని ఆ భాగం ఒక ఆదివారం పత్రికలో వచ్చింది. మామ పేరు లేదు. కుడిచేతికి రెండు వేళ్లు లేని, చీనీ బత్తాయి తోట ఉన్న, క్షవరానికి ఆరుగురితో వెళ్లే 'ఒక నాయకుడు' రహస్యంగా రాజీకి తిరుగుతున్నాడని మాత్రం ఉంది.

సాయంత్రానికి సొంత మనుషులే వాకిట్లో నిలబడ్డారు.

"మమ్మల్ని యాడ వదిలేసి పోతాండావు మామా?"

రాజీ అక్కడితో ఆగిపోయింది. జీపులో ఆరుగురు పదిమందయ్యారు. జీపు మాత్రం అదే.

సీనియర్‌కు ఫోన్ చేశాను.

"ఎవరి పేరూ రాయలేదు కదా తమ్ముడూ!" అన్నాడు, నొచ్చుకున్నట్టు.

థీసిస్ తెప్పించి మొత్తం వెతికాను. మా వాళ్లలో ఒక్కరి పేరే దొరికింది. మొదటి పేజీలో, కృతజ్ఞతల కింద, ఇంటిపేరుతో సహా నాది.