వరస పొడవెంత?

రహదారుల ఆఫీసులో ఆయన్ని అందరూ గీతలాయన అంటారు. పక్క రోడ్డు నుంచి వచ్చే బండి హైవేలో కలిసేముందు వేగం అందుకోవడానికి కొంత దూరం ఒక వరస అదనంగా ఇస్తారు. ఆ వరస గీయడమే ఆయన పని. చేరిన నాటి నుంచీ ఒకటే లెక్క: లోడు లారీ ఎంత దూరంలో ఊపందుకుంటుందో అంత పొడవు.

ఊరి చివర మలుపు దగ్గరే ఆ లెక్క బెడిసికొట్టింది. కార్లు వరస చివర ఆగుతున్నాయి, వెనకవి వచ్చి గుద్దుకుంటున్నాయి. పొడవు పెంచమని పోలీసులు. కొత్త కార్లు కాలు ఆనిస్తే దూసుకుపోతాయి, తగ్గించమని పెద్ద ఇంజినీరు. సాయంత్రానికల్లా డ్రాయింగు మీద గీతలాయన సంతకం పడాలి. ఆయన అక్క నర్సు. రోజూ డ్యూటీకి ఆ మలుపు మీదుగానే వెళ్తుంది.

ఏదో ఒకటి తేల్చుకుందామని ఆ పొద్దున ఆమె కొత్త కారెక్కాడు.

"తొక్కక్కా, తొక్కు!"

అక్క తొక్కింది. హైవే మీద పక్కన వాహనం కనబడగానే కారు లోపల హెచ్చరిక కూత పెట్టింది. స్టీరింగు తనంతట తానే కారును మళ్లీ వరసలోకి లాగింది. అక్క బ్రేకు వేసింది. కారు వరస చివర ఆగిపోయింది. వెనక హారన్ల మోత.

"ఇంత దారిస్తే ఆగుతావేంటక్కా?"

"ఇది చెవిలో అరుస్తుంటే ఏం చెయ్యమంటావురా? మీ బావ కూడా ఇంతలా అరవడు."

"దారి ఇంకా పొడుగైతే?"

"ఇంకాసేపు భయపడతా."

"పొట్టిదైతే?"

"తొందరగా భయపడతా. నోర్మూసుకుని అటు చూడు, ఎవడైనా దారిస్తాడేమో."

కార్లవాళ్లెవరూ ఇవ్వలేదు. ఒక పాత లారీ డ్రైవరు నెమ్మదించి, కిటికీలోంచి చెయ్యి ఊపాడు. లెక్క ప్రకారం అడ్డు తగలాల్సిన మందకొడి బండి అదే.

ఆఫీసుకొచ్చి గీతలాయన వరసను తెరమీద సాగదీశాడు, కుదించాడు, మళ్లీ సాగదీశాడు. కారు కూతనూ డ్రైవరు చేతినీ ఏ లెక్కలో వెయ్యాలో తోచలేదు.

"ఏమయ్యా, పెంచావా, తగ్గించావా?" అన్నాడు పెద్ద ఇంజినీరు.

"తెలీదు సార్."

"ఇన్నేళ్ల సర్వీసు పెట్టుకుని తెలీదంటే ఎలా?"

"కొత్తలో అయితే ఠక్కున చెప్పేసేవాణ్ణి సార్. ఇప్పుడు సంతకం పెట్టను. రోడ్డంచును కూడా వరసలో కలుపుకుని, అటూ ఇటూ జరపడానికి వీలుగా ప్లాస్టిక్ దిమ్మెలు పెడదాం. కొన్నాళ్లు పొడుగ్గా, కొన్నాళ్లు పొట్టిగా నడిపి చూద్దాం."

"చూసేలోపు ఎవరైనా గుద్దుకుంటే?"

గీతలాయన దిమ్మెల కోసం చీటీ రాసి ఆయన ముందుకు జరిపాడు. పెద్ద ఇంజినీరు విసుక్కుంటూనే దిమ్మెలకు సరేనన్నాడు. ఆయన గది దాటగానే గీతలాయన అక్కకు ఫోన్ చేశాడు.

"కొన్నాళ్లు బజారు రోడ్డు మీదుగా వెళ్లక్కా."

"అంత చుట్టు తిరుగుడా? నీ దారిలో నన్నే వెళ్లొద్దంటున్నావు, మరి మిగతావాళ్లని ఎటు పొమ్మంటావురా?"