లారీని లాగిన పాత వ్యాను

ఛత్రినాకలో మాది పాల వ్యాపారం. క్యాన్లు మోసిన మా పాత వ్యాను ఎన్నో ఏళ్లు మా పొయ్యి వెలిగించింది. అందుకు దేవుడికి రోజూ దండం పెట్టుకునేదాన్ని.

పాత బండిని తుక్కుకు అప్పగిస్తే కొత్తదాని పన్నులో సర్కారు రాయితీ ఇస్తుందని తెలిసి మా ఆయన మనసు అటు మళ్లింది. బడికి పోకపోయినా ఇంట్లో నాన్న నేర్పిన చదువుతో ఆ నిబంధనలన్నీ చదివాను. బండి వయసు అడిగారు గాని, నడుస్తుందా అని ఎక్కడా అడగలేదు.

“నడిచే బండిని నలగ్గొట్టుడు ఏందయ్యా? ఎవరికన్నా ఇస్తే బతుకుతరు గదా” అన్నాను.

“ఇంకొకరికి ఇస్తే రాయితీ రాదు. నలిగితేనే వస్తది.”

బర్రెను అమ్మినా దాని తాడు ఇవ్వకూడదు, ఇస్తే ఇంటి పాడి దానితోనే పోతుందని మా ఇళ్లలో నమ్మకం. బండికీ అదే నియమమంది అత్తమ్మ. వ్యానులో క్యాన్లు కట్టే తాడును వెనక్కి తెమ్మని నన్నూ వెంట పంపింది.

తుక్కువాళ్లు పంపిన చిన్న లారీ మా వ్యానును వీపున ఎక్కించుకుని బయలుదేరింది. జల్‌పల్లి దాటాక ఆగిపోయి మళ్లీ కదలలేదు. కాసేపు తంటాలు పడ్డాక డ్రైవరు మొహమాటంగా, మీ బండి చాలూ అవుతుందా అని అడిగాడు. మా ఆయన తాళం తిప్పగానే అయింది. వ్యానును కిందికి దింపి, అత్తమ్మ తాడునే రెండు మడతలు వేసి లారీకి కట్టారు. తనను తీసుకుపోవడానికి వచ్చినదాన్ని అదే మెల్లగా లాక్కుంటూ పోయింది. ఇది చూసైనా ఈయన మనసు మార్చు స్వామీ అని దారంతా మొక్కుతూనే ఉన్నాను.

గేటు దగ్గర సూపర్‌వైజరు, బండి మస్తు గుంజిందని మెచ్చుకుని సంతకానికి కాగితాలు తెచ్చాడు.

“కండ్లార చూసినవు గద నాయనా, గిది తుక్కేనా?” అన్నాను.

“కాదమ్మా. గానీ కాయితంల తుక్కే.”

మా ఆయన ఒక్క క్షణం తటపటాయించి సంతకం చేశాడు. వ్యానును లోపలికి తోసి ఇంజన్ ఆయిలంతా దించేశారు. అప్పుడు గుర్తొచ్చింది వాళ్లకు, లారీ గేటుకు అడ్డంగానే ఉందని.

“భాయ్, మీ బండితోని జర పక్కకు గుంజుతరా?” అని సూపర్‌వైజరు మా ఆయనను అడిగాడు.

“నా బండేడుంది? గిప్పుడది మీదేనాయె.”

వెనక తుక్కుకొచ్చిన బండ్ల వరుసలో మా వ్యాను కన్నా ముసలి కారొకటి ఉంది. దాని యజమాని మా తాడుతోనే లారీని పక్కకు లాగి, తాడు విప్పి నా చేతికిచ్చి, కారుతో సహా లోపలికి పోయాడు. పుణ్యాత్ముడు. ఆ తాడు చూసి అత్తమ్మ ఆ రాత్రి నిశ్చింతగా పడుకుంది.

కొత్త బండికి నెల పడుతుందన్నారు. పాలు ఆగవు కదా. తెల్లారి కిరాయికి ఒక ట్రాలీ బండి వచ్చింది. దేవుడి దయ, వేళకే వచ్చింది. రంగు వెలిసి, తలుపు తీగతో కట్టి, మా వ్యానుకు తాత వయసులో ఉంది. ఎన్నేళ్ల బండి అన్నా ఇది అని డ్రైవరును అడగబోయాను. మా ఆయన క్యాను ఎత్తుతూనే, రాయితీ మాట ఎత్తవద్దని నాకు కళ్లతో సైగ చేశాడు.