జీను కోసం ప్రార్థన

ఉక్కు ప్లాంటు పక్కన మరోదా బస్తీలో ఉండే భాగ్యవతికి ఏ ఇబ్బంది వచ్చినా అది శుక్రవారం ప్రార్థన కూటానికి చేరాల్సిందే. భర్తకి ప్లాంటు క్వార్టరు రాకపోయినా, కుక్కరు విజిలెయ్యకపోయినా పదిమందిచేతా ప్రార్థన చేయించేది.

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం వచ్చిన ఏడెనిమిదేళ్ళకి కూతురు వెరోనికా ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి చిక్కొచ్చిపడింది. మైక్రో ఆర్ఎన్ఏలనే బుల్లి అణువులు ఏయే జీన్ల నోరు నొక్కుతాయో అంచనా కట్టే వెబ్‌సైటు ఒకటుంది. ఉండి తీరాలని కాలేజీ మేడమ్ చెప్పిన జీను అందులో ఎంత వెతికినా కనబడలేదు. పిల్ల అన్నం మానేసింది. జీనంటే ఏమిటో తెలియకపోయినా, భాగ్యవతి కూటంలో అందరిచేతా మోకాళ్ళూనించి, "మా పాప జీను దొరికేలా సెయ్యి ప్రభువా" అని ఏడ్చింది.

మర్నాడు నెహ్రూ నగర్ నెట్ సెంటర్ నుంచి వెరోనికా నవ్వుకుంటూ వచ్చింది.

"మమ్మీ, మిల్ గయా! ఏ జీవి అని అడిగేచోట మనిషికి బదులు ఎలక అని పెట్టి ఉంది. నేనే చూసుకోలేదు. మార్చగానే దొరికేసింది!"

భాగ్యవతి హమ్మయ్య అని గుండెల మీద చెయ్యేసుకుంది. అంతలోనే ఒళ్ళు మండింది.

"అయితే నిన్న మేమంతా మోకాళ్ళూనింది ఎలక కోసమేటే?"

వెరోనికా నవ్వు ఆపుకోలేకపోయింది. భాగ్యవతి కంచంలో అన్నం వడ్డిస్తూ తనే సర్దుకుంది.

"పోన్లే, ఎలకని సేసినోడూ ఆ ప్రభువే. తిను."