సముద్రం అవతలి గది తాళం

నల్గొండలో కూచుని, సముద్రాల అవతల ఉన్న సర్వరును మూడంటే మూడు అంకెలతో లొంగదీసినవాణ్ణి నేను. మా జిల్లాలో ఆ విద్య తెలిసినవాడు అప్పుడు ఇంకొకడు లేడు. హైదరాబాదు నుంచి కూడా ఫోన్లు చేసి సలహా అడిగేవాళ్ళు.

సరే, హైదరాబాదు నుంచి ఫోన్ వచ్చింది ఒక్కసారే. అదీ రాంగ్ నంబరు. మిగతాది మాత్రం దాదాపు నిజం.

తొంభైల చివరి రోజులవి. రికార్డు రూములో ఇరవై ఏళ్ళు దస్త్రాలకు కాపలా కాసి, ఆ ఉద్యోగం ముందే వదిలేసి ఒక ఇంటర్నెట్ సెంటరులో చేరాను. అంతకుముందు అది టైపు ఇన్‌స్టిట్యూట్. నడిపే ఆవిడ నాకంటే పదేళ్ళు చిన్నది. వీధంతా ఆపా, అంటే అక్కా, అని పిలిస్తే నేనూ ఆపా అనేవాణ్ణి. మహబూబ్‌నగర్‌లో ఒక కాలేజీకి ఆమె వెబ్‌సైటు తయారుచేసి ఇచ్చి, దాని బాగోగులు నాకు అప్పగించింది.

ఆ ఎండాకాలపు మధ్యాహ్నాలు ఇప్పటికీ నా కళ్ళ మీద వాలుతుంటాయి. కూలరు నుంచి వట్టివేళ్ళ తడి వాసన. మోడెం కీచుమని, కాసేపు గొణిగి, ఊరుకునేది. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు చీమల్లా ఒక్కొక్కటే వచ్చేవి. ఆ సర్వరును నేను ఎన్నడూ చూడలేదు. నా ఊహలో అది ఎత్తైన కప్పున్న చల్లటి గది. ఎర్రగుడ్డల్లో కట్టిన దస్త్రాలు వరసగా ఉండేవి. వాటి మధ్య చెప్పులు విప్పి నడుస్తున్నట్టే ఉండేది నాకు.

ఒక మధ్యాహ్నం మోత్కూరు నుంచి ఒక అమ్మాయి వచ్చింది. ఆ కాలేజీ హాస్టలులో ఉచితంగా సీట్లు వచ్చినవాళ్ళ జాబితా ముందురోజే సైటులో పెట్టాం. పేరున్నవాళ్ళు ఆ పేజీని ప్రింటు తీసుకుని ఆమె వచ్చిన మర్నాడు పొద్దున పదింటికల్లా వెళ్ళి చేరాలి, లేకపోతే సీటు తర్వాతి వాళ్ళకు పోతుంది. పేజీ తెరిస్తే లోపలికి అనుమతి లేదని చూపింది.

“సారూ, రెండింటి దేవరకొండ బస్సు పోతే నేనిగ పొద్దటికి మహబూబ్‌నగర్ అందుకోను” అన్నది.

“ఫికర్ చెయ్యకు బిడ్డా” అన్నాను.

సర్వరులో ప్రతి కాగితానికీ మూడు అంకెలుంటాయి. మొదటిది యజమానిది, రెండోది అతని జట్టుది, మూడోది దారిన పోయే అందరిది. ఎవరు చదవాలి, ఎవరు మార్చాలి అన్నది ఆ అంకెల్లోనే ఉంటుంది. జాబితాకు అన్ని అనుమతులూ ఇచ్చాను. సర్వరు ఒప్పుకోలేదు. మళ్ళీ ఇచ్చాను. ఒప్పుకోలేదు. జాబితా పేరు తెర మీద కనిపిస్తూనే ఉంది, దాన్ని ముట్టుకోనివ్వడం లేదు. అమ్మాయి గోడ గడియారాన్ని, నన్ను మార్చి మార్చి చూస్తున్నది.

అప్పుడు నేను కళ్ళు మూసుకుని ఆ చల్లటి గదిలోకి వెళ్ళాను. కాగితాల పేర్లు కనిపించడమంటే కిటికీలోంచి చూడటమే. లోపల అడుగు పెట్టాలంటే గదికే, అంటే జాబితా ఉన్న ఫోల్డరుకే, వేరే అనుమతి ఉండాలి. కళ్ళు తెరిచి ఫోల్డరుకు ఏడు, అయిదు, అయిదు అని కొట్టాను, అంటే మార్చడం నాకు, లోపలికి వచ్చి చదవడం అందరికీ. పేజీ మెల్లగా, పైనుంచి కిందికి దిగింది. ఏడో పేరు ఆ అమ్మాయిదే. ప్రింటు మడతపెట్టుకుని బస్సుకు పరుగెత్తింది.

ఇంతకూ ఆ గదికి తాళం వేసింది ఎవరంటారా? నేనే. ముందురోజు జాబితా పెట్టాక చూస్తే, దారిన పోయే అందరూ చదవొచ్చని ఉంది. బీరువా తెరిచి పెట్టి ఇంటికి పోతే నాకు ముద్ద దిగేది కాదు ఇరవై ఏళ్ళూ. అందుకే ఫోల్డరులో అడుగు పెట్టే అనుమతి నాతో సహా అందరికీ తీసేసి, ఇంటికి పోయి హాయిగా తిన్నాను. అందరూ చదవడానికే అక్కడ పెట్టామన్న సంగతి తట్టనే లేదు.

మొన్న ఆపా ఇంటికి పోయినప్పుడు ఇదంతా, తాళం సంగతితో సహా, చెప్పాను. నిజాయితీకి మెచ్చుకుంటుందనుకున్నాను. ఆమె చాయ్ సాసరు కింద పెట్టింది.

“తాళం ఏసింది మీరే, గా సంగతి నాకెర్కే. గనీ తీసింది మీరు గాదు పెద్దసారూ. ఫైళ్ళ పేర్లు కనవడుతున్నయి, లోపటికి పోనిస్తలేదంటే, ఫోల్డరుకే ఏమో అయినట్టు గద అని అన్నది గా పిల్ల. అంకెలు కొట్టింది నేను. మీరు కండ్లు మూసుకున్నది నిజమే, కునుకు తీసిన్రు. రెండింటి బస్సు గూడ పోయింది. మా తమ్ముడు బండి మీద దేవరకొండ దాకా తీస్కపోయి మహబూబ్‌నగర్ బస్సు ఎక్కిచ్చిండు గాబట్టి ఆమెకు సీటు దక్కింది.”