మిరపకాయల మీద రాజమహలు

ఇవాళ నల్లపాడు దాటుతుంటే మబ్బు పట్టింది. రోడ్డు పక్కన ఎండబోసిన మిరపకాయల మీద ఎవరో హడావిడిగా పట్టా కప్పుతున్నారు. కల్లాల్లో పెరిగిన మనందరికీ ఆ పరుగు తెలుసు కదా.

ఇప్పుడు లేని మా నాన్నకు సేద్యంతో పాటు సవాలక్ష సరదాలు. పావురాలు పెంచేవాడు, హార్మోనియం వాయించేవాడు, పాత రేడియోలు విప్పి కూర్చునేవాడు. ఊరి నాటకం కోసమైతే ఒక చలికాలమంతా కష్టపడి దళసరి తెర మీద రాజమహలు గీశాడు.

ఆ తెర ఆరిన వారానికే కల్లం మీద ఉరిమింది. కాయలన్నీ కుప్పగా లాగాం. ఉన్న పట్టాలు సగానికే సరిపోయాయి. నాన్న ఇంట్లోకి పరిగెత్తి తెర తెచ్చాడు.

"బొమ్మ కిందికి తిప్పయ్యా, తడిస్తే పోద్ది," అంది అమ్మ.

"రంగు కాయలకంటుద్దే. తర్వాత ఎవడు కొంటాడు?"

బొమ్మ పైకే ఉంచి కప్పాడు. తలా ఒక అంచు తొక్కిపట్టి నిలబడ్డాం. మహలు స్తంభాలు మా కళ్లముందే కరిగి, కుప్ప చుట్టూ నీలంగా పారాయి.

వాన వెలిశాక నాన్న గుప్పెడు కాయలు తీసి ఆడించాడు. గలగలమన్నాయి. నవ్వుతూ అమ్మ వైపు తిరిగాడు.

అమ్మ చూడలేదు. తెర మీద మిగిలిన ఒక్క కిటికీని కొంగుతో మెల్లగా అద్దుతోంది.