బీచ్ చెట్టూ, నేను దిగని కారూ

2019 అక్టోబరు, ఇంగ్లండు. లీసెస్టర్‌కి ఇరవై నిమిషాల దూరంలో ఉన్న ఒక చిన్న ఊరి కౌన్సిల్‌లో నేను ట్రీ ఆఫీసర్‌గా పనిచేస్తున్నాను. తెనాలిలో చుట్టాలకి ఈ ఉద్యోగం పేరు చెబితే, "అంటే ఫారెస్టు ఆఫీసరా?" అనేవారు. అవుననేవాణ్ణి. పులులున్నాయా అని అడిగితే, అప్పుడప్పుడూ కనిపిస్తాయనేవాణ్ణి. నిజానికి నా అడవి అంతా రోడ్ల పక్కన, ఫ్లాట్ల ముందు, స్కూళ్ల వెనక ఉండేది. ఏ చెట్టు పదిలంగా ఉంది, ఏది జనం మీద పడేలా ఉంది, దేనికి కొమ్మలు కత్తిరించాలి, దేన్ని మొదలంటా కొట్టేయాలి అని చూసి రిపోర్టు రాయడం నా పని. పులులు లేవు. ఉడతలుండేవి.

ఆ పనికి ముఖ్యమైన పనిముట్టు సౌండింగ్ మ్యాలెట్. నైలాన్ తలకాయ ఉన్న సుత్తి అనుకోండి. దానితో మాను చుట్టూ తడుతూ చెవి పెట్టి వినాలి. గట్టి మాను టక్కుమంటుంది. లోపల కుళ్లిన మాను డొల్లగా పలుకుతుంది. పుచ్చకాయ కొనేటప్పుడు మన ఇళ్లలో ఆడవాళ్లు చేసే పనే. నాకు దానికి జీతం ఇచ్చేవారు. "ముప్ఫై ఏళ్ల సర్వీసులో నా చెవి ఒక్కసారి కూడా తప్పలేదు" అని నేను అందరితో చెబుతుంటాను. ఎందుకు తప్పలేదో ఇది చదివాక మీకే తెలుస్తుంది.

ఈ కేసును నేను ఇప్పటికి చాలా ఇళ్లలో, చాలా భోజనాల దగ్గర చెప్పాను. చెప్పే పద్ధతి ఇదీ: ఒక మహావృక్షాన్ని కౌన్సిల్ నరికించబోతోంది. దాని నీడలో బొమ్మలు గీసుకునే ఒక చిత్రకారిణి వచ్చి నా ముందు నిలబడింది. నేను పై అధికారులతో ఒంటిచేత్తో పోరాడి ఆ చెట్టును కాపాడాను. వినేవాళ్లు ఇంకోసారి పప్పు వడ్డించేవారు.

ఇందులో చెట్టు నిజం, చిత్రకారిణి నిజం. పోరాటం దగ్గర కొంచెం సరిచేయాలి. ఆ చెట్టును కొట్టేయమని రాసిందే నేను.

సోమవారం పొద్దున ఆఫీసుకి ఫోన్ వచ్చింది. అవతల ఇంగ్లీషులో చాలా జాగ్రత్తగా మాట్లాడుతున్న ఒక ఆడగొంతు. తమ ఫ్లాట్ల ముందున్న బీచ్ చెట్టుకి (సముద్రంతో సంబంధం లేదు, ఆ జాతి పేరే బీచ్) నోటీసు అంటించారనీ, గురువారం కొట్టేస్తారని అందులో ఉందనీ, కారణం "భద్రత" అని ఒక్క ముక్కే రాశారనీ చెప్పింది. తరవాత తెలుగులోకి మారింది.

"నోటీసు కింద రామ్ రావు అని సంతకం ఉంది. మీరు తెలుగువారేనా అండీ?"

"తెలుగువాళ్లమేనమ్మా. తెనాలి."

"అమ్మయ్య. మాది కాకినాడ అంకుల్. నా పేరు మాధురి. మా ఆయన లీసెస్టర్‌లో డాక్టరు. నేను పిల్లల పుస్తకాలకి బొమ్మలు వేస్తాను. ఆ చెట్టు లేకపోతే నాకు కుదరదంకుల్."

"చెట్టు కింద కూర్చుని వేస్తావా?"

"లేదు. బొమ్మలు ఇంట్లోనే వేస్తాను."

"మరి చెట్టు కింద ఏం చేస్తావు?"

"ఏమీ చెయ్యను."

నా ముప్ఫై ఏళ్లలో చెట్లను కాపాడమని చాలా కారణాలు విన్నాను. పక్షి గూళ్లు, తాతగారి జ్ఞాపకాలు, ఎదురింటివాళ్లు కనిపించకుండా అడ్డు. ఏమీ చెయ్యకపోవడానికి చెట్టు కావాలన్నది మొదటిసారి. మర్నాడు వస్తానని చెప్పాను. చెట్టును వదిలేద్దామని కాదు. ఆ అమ్మాయికి విషయం వివరించి, నా పరిజ్ఞానం కొంత చూపించి వద్దామని.

మంగళవారం ఎండ కాసింది. ఫ్లాట్ల ముందు పచ్చిక, దాని మధ్యలో బీచ్. నున్నటి బూడిదరంగు బెరడు, ఏనుగు కాళ్లలా పరుచుకున్న వేళ్లు, రాగి రంగుకి తిరుగుతున్న ఆకులు. రెండు వేళ్ల మధ్య సూపర్‌మార్కెట్ సంచి పరుచుకుని, మానుకి వీపు ఆనించి ఒకమ్మాయి కూర్చుని ఉంది. ముప్ఫై అయిదేళ్లుంటాయేమో. ఒళ్లో స్కెచ్‌బుక్ ఉంది, మూసే ఉంది.

"ఏమ్మా, ఇన్‌స్పిరేషన్ వస్తోందా?" అన్నాను.

"ఇంకా రాలేదంకుల్. వస్తుందిలెండి, ఇక్కడ తొందరేముంది. తొందరంతా ఇంట్లోనే. ఎంతవరకొచ్చిందమ్మా అని అత్తయ్యగారు వీడియో కాల్ చేస్తారు. ఎంతవరకొచ్చిందని లండన్ నుంచి ఎడిటర్ మెయిల్ పెడుతుంది. మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి షూస్ విప్పుతూ అదే మాట." మాను వైపు తల తిప్పింది. "ఇది అడగదు. అడగనివాళ్ల దగ్గర ఒక గంట కూర్చుని ఇంటికెళ్తే చెయ్యి దానంతటదే కదులుతుంది. నాలుగు నెలలు ఒక్క గీత పడలేదంకుల్ నాకు. ఇక్కడ కూర్చోవడం మొదలుపెట్టాకే సగం పుస్తకం అయింది. మిగతా సగం క్రిస్మస్‌లోపు ఇవ్వకపోతే వేరేవాళ్లతో వేయించుకుంటామన్నారు."

నేను చాలా దయగా తలూపాను. నా దగ్గర డాక్టర్లు చెడు వార్త చెప్పే గొంతు ఒకటి ఉంది. అది తీశాను.

"నీ బాధ అర్థమైందమ్మా. కానీ ఈ చెట్టు లోపలినుంచి పోతోంది. ఇలా రా." మోకాళ్ల మీద కూర్చుని, మాను అవతలి పక్క, రెండు వేళ్లు కలిసే చోట చూపించాను. "దీన్ని బ్రాకెట్ ఫంగస్ అంటారు. గోడకి కొట్టిన చెక్క అరలాగా మానులోంచి బయటికి వస్తుంది. ఇది బయట కనిపించిందంటే లోపల కుళ్లు ఎన్నో ఏళ్లుగా సాగుతోందన్నమాట. అంచు చూడు, తెల్లగా ఉంది."

"అంకుల్..."

"ఒక్క నిమిషం. పైన ఈ గోధుమరంగు పొడి చూశావా? ఇవి స్పోర్స్. దాని విత్తనాలనుకో. మా పుస్తకాల్లో ఏం రాస్తారంటే, అచ్చం కోకో పొడి చల్లినట్టు ఉంటుందని."

"అంకుల్, అది..."

"వేరే ఆఫీసర్లయితే ముక్క తీసి ల్యాబ్‌కి పంపుతారు. నాకు చూపు చాలు."

"అది కోకో పొడేనంకుల్."

నేను మ్యాలెట్‌తో ఆ ఫంగస్‌ని మెల్లగా తట్టాను. అది ఊడి, నా బూటు దాకా దొర్లి, బోర్లా పడి ఆగింది. అది ఉన్న చోట బెరడు నున్నగా, శుభ్రంగా ఉంది. మూడు చోట్ల నీలం రంగు ముద్దలున్నాయి. పిల్లలు గోడలకి పోస్టర్లు అంటించుకునే బ్లూ ట్యాక్.

మాధురి దాన్ని తీసి, పైటతో తుడిచినట్టు స్కార్ఫ్‌తో తుడిచింది. "నా పుస్తకంలో నత్తల కుటుంబం ఒకటి ఫంగస్ మీద కాపురం ఉంటుంది. నీడ ఎలా పడుతుందో, వానలో ఎలా మెరుస్తుందో చూద్దామని చేసి పెట్టుకున్నాను. చపాతీ పిండంకుల్. ఉప్పు కలిపి, ఓవెన్‌లో కాల్చి, వార్నిష్ వేశాను. కోకో మాత్రం వానకి పోతోంది. నిన్న మళ్లీ చల్లాను."

"ఇంతసేపూ ఎందుకు చెప్పలేదమ్మా?"

"మీరు చెప్పనిస్తేగా. పైగా చాలా బాగా చెబుతున్నారు."

ఇప్పుడు రిపోర్టు సంగతి చెప్పాలి. మూడు వారాల కిందట ఆ చెట్టును తనిఖీ చేసిన రోజు వాన కుండపోతగా పడుతోంది. పచ్చిక అంచున కారు ఆపాను. హీటర్ బాగా పనిచేస్తోంది. రేడియోలో క్రికెట్ వస్తోంది. మొదలు దగ్గర ఫంగస్ కనిపించింది. కారులోంచే ఫోటో తీశాను, కారులోనే ఫారం నింపాను. "మ్యాలెట్‌తో పరీక్షించారా?" అన్న గడిలో టిక్కు పెట్టాను. మ్యాలెట్ నాతోనే ఉంది మరి, వెనక సీట్లో. ఇలా ఒక్కసారే జరిగిందని చెప్పుకునేవాణ్ణి. వాన పడ్డ ప్రతిసారీ జరిగేది. అది ఇంగ్లండు.

ఆ మంగళవారం మాత్రం మాను చుట్టూ తిరిగి, చెయ్యి అందినంత ఎత్తు వరకూ తట్టాను. టక్, టక్, టక్. ఎక్కడా డొల్ల లేదు. ఆ చెట్టు నాకంటే గట్టిగా ఉంది. మాధురి పక్కనే వేళ్ల మధ్య కూలబడ్డాను. అన్నేళ్లలో చేతిలో ఫారం లేకుండా ఒక చెట్టు కింద కూర్చోవడం అదే మొదలు. గాలికి ఆకులు ఒకటీ అరా రాలుతున్నాయి. వీపుకి మాను చల్లగా తగులుతోంది. చెట్టు నన్నేమీ అడగలేదు. ఆ వానరోజు తన కిటికీలోంచి నా కారును చూసిన మాధురి కూడా, ఎందుకు దిగలేదని అడగలేదు. అక్కడ నాకు జ్ఞానోదయమైందని రాద్దామనుకున్నాను. ప్యాంటు తడిసింది. కాకపోతే లేచేటప్పటికి, ఆఫీసుకి వెళ్లి చెప్పేయాలని మాత్రం అనిపించింది.

ఆఫీసు దాకా వచ్చేసరికి ఆ అనిపించడం కొంత తగ్గింది.

మా మేనేజరు పేరు మార్గరెట్. మర్యాదస్తురాలు. ఎంత కోపం వస్తే అంత మర్యాద పెరుగుతుంది. చెట్టు కొట్టేవాళ్లను గురువారం రావద్దని చెప్పించగలిగేది ఆవిడే.

"ఆ బీచ్ మీదున్న ఫంగస్ ఊడిపోయింది మార్గరెట్," అన్నాను. అది అబద్ధం కాదు.

"ఫంగస్ ఊడిపోతే లోపలి కుళ్లు పోతుందా, రామ్?"

"పోదు."

"అయితే గురువారం కొట్టేద్దాం."

"ఇవాళ మళ్లీ మ్యాలెట్‌తో చూశాను. మాను గట్టిగా ఉంది."

"మొదటిసారి కూడా చూశానని టిక్కు పెట్టావు. అప్పుడు కుళ్లు ఉందన్నావు. మూడు వారాల్లో చెట్టుకి నయమైందా?"

నేను చెప్పే ప్రతి సగం నిజమూ చెట్టుకే చుట్టుకుంటోంది. నేను మంచి ఆఫీసరుగా మిగిలితే చెట్టు మిగలదు. చెట్టు మిగలాలంటే నేనొక మాట చెప్పాలి. ఆ మాట నోటి దాకా వచ్చి, గుమ్మంలో చుట్టంలా టీ అడుగుతూ కూర్చుంది.

ఈలోపు మార్గరెట్ కంప్యూటర్లో నా రిపోర్టు తెరిచింది. ఫోటోను పెద్దది చేసింది. కళ్లజోడు సవరించుకుంది.

"దయచేసి ఏమీ అనుకోకు, రామ్. ఈ చెట్టుకి అడ్డంగా ఉన్నది కారు వైపరా?"

చెప్పేశాను. వాన, హీటర్, రేడియో, టిక్కు, చపాతీ పిండి, అన్నీ. మాధురిని అడిగి తెచ్చుకున్న ఆ ఫంగస్ కోటు జేబులోంచి తీసి ఆవిడ బల్ల మీద పెట్టాను. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి, వాసన చూసింది.

"చాక్లెట్," అంది.

తరవాత ఫోన్ తీసి గురువారం పని ఆపించింది. ఆ ఏడాది నేను సంతకం పెట్టిన ప్రతి చెట్టునూ మళ్లీ చూసి రమ్మంది, నడిచి. "కారు తాళం చెవులు నా దగ్గర ఉంచి వెళ్తావా? చాలా థాంక్స్," అంది. అంత మర్యాద నేను ఎప్పుడూ చూడలేదు.

ఆ నవంబరంతా గొడుగుతో తిరిగాను. ఒకరోజు ఒక బస్‌స్టాప్ వెనకున్న హార్స్ చెస్ట్‌నట్ అనే పెద్ద చెట్టు దగ్గర ఆగాను. మానూ కొమ్మలూ చూస్తే నిక్షేపంగా ఉంది. నా రిపోర్టులో "పదిలం" అని ఉంది. మ్యాలెట్‌తో తడితే ఖాళీ డ్రమ్ములా పలికింది. ఇంకోసారి తట్టడానికి చెయ్యి రాలేదు. బస్‌స్టాప్‌లో ఇద్దరు పెద్దవాళ్లు, తోపుడు బండిలో పసిబిడ్డతో ఒకావిడ ఉన్నారు. బస్సు వచ్చి వాళ్లను ఎక్కించుకునే దాకా నేను ఆ చెట్టు కిందే నిలబడ్డాను, నేను నిలబడితే అది పడదన్నట్టు. ఆ వారమే దాన్ని కొట్టించాం. రోజూ అక్కడ బస్సెక్కే ఒక ముసలాయన, బంగారంలాంటి చెట్టును పొట్టన పెట్టుకున్నావని నన్ను తిట్టాడు. ఆయనకి నేను ఉపన్యాసం ఇవ్వలేదు. తిట్టించుకున్నాను.

నా చెవి ఎప్పుడూ తప్పలేదన్నది నిజమే. వినని చెవి ఎలా తప్పుతుంది? చెట్టు తన సంగతి తాను చెబుతూనే ఉంటుంది. దగ్గరికి వెళ్లి, తట్టి, కాసేపు నోరు మూసుకోవాలి. మాధురి బొమ్మల కోసం చేసేదీ అదే, కాకపోతే తనకి ఎవరూ జీతం ఇవ్వలేదు.

మాధురి పుస్తకం క్రిస్మస్‌కి వారం ముందే పూర్తయింది. అచ్చయ్యాక ఒక కాపీ ఇంటికి తెచ్చిచ్చింది. మధ్య పేజీలో రెండు పక్కలా పరుచుకుని ఆ బీచ్ చెట్టు ఉంది. ఫంగస్ మీద నత్తల కుటుంబం టీ తాగుతోంది. నేను కళ్లజోడు పెట్టుకుని పేజీ అంతా వెతికాను.

"నన్ను కూడా వేశానన్నావు, ఎక్కడమ్మా?"

పేజీ మూలన వేలు పెట్టి చూపించింది. వానలో ఒక చిన్న ఎర్రకారు. వైపర్లు తిరుగుతున్నాయి. అద్దాల వెనక మనిషి ఆనవాలు లేదు.

"ఇందులో నేను లేనే."

"ఉన్నారంకుల్, లోపల. ఇంకా దిగలేదంతే."

ఆ పుస్తకం చివరి పేజీలో కారు తలుపు తీసి ఉంటుందని, బురదలో అడుగులు చెట్టు దాకా వెళ్తాయని నేను చాలామందికి చెప్పాను. అలాంటి పేజీ లేదు. వేయమని అడిగాను. "ప్రింటయిపోయింది కదంకుల్," అంది.

రిటైరయ్యాక బుధవారాల్లో ఆ చెట్టు దగ్గరికి వెళ్తుంటాను. మాధురి ఒక వేరుకి ఆనుకుని, నేను ఇంకో వేరుకి ఆనుకుని ఓ గంట ఏమీ చెయ్యకుండా కూర్చుంటాం. ఎంతవరకు వచ్చిందని తనను నేను అడగను. కారు బాగా దూరంగా ఆపి, వానైనా సరే నడిచి వెళ్తాను. ఇది క్రమశిక్షణ అని మా ఆవిడతో చెప్పాను. నిజానికి ఇప్పుడు అంత దూరంలో తప్ప పార్కింగ్ దొరకదు.