కప్పగల్లులో రెండో పురుడు

నన్ను చేసుకున్నది మా అమ్మ తమ్ముడే. అంటే మా అమ్మమ్మే నాకు అత్త. ఆమెను అవ్వా అని, మొగుణ్ని మామా అనే పిలిచేదాన్ని. అలిగి పుట్టింటికి పోతే మా అమ్మ ఆ అవ్వ కూతురే కదా, మర్నాటి బస్సుకే తిప్పి పంపేది. ఇంకెక్కడికి పోను?

మా పెద్దవాడికి మూడేళ్లు నిండినా అడుగు పడలేదు, అమ్మా అనలేదు. జుట్టు రాగిరంగు. ఒంటికి ఎలుకలు తిరిగిన గదిలాంటి వాసన. బళ్లారిలో ఒక డాక్టరమ్మ వాడి మూత్రంలో మందు చుక్కలు వేస్తే ఆకుపచ్చగా మారింది. పాలూ పప్పూ వాడి ఒంటికి పడక మెదడును చెరుపుతున్నాయట. దగ్గరి సంబంధాల్లో ఎక్కువగా వస్తుందట. “వీడికి ఆలస్యమైపోయిందమ్మా. ఇప్పుడు నీ కడుపులో ఉన్న బిడ్డ పుట్టి మూడు వారాలు నిండగానే, అది మూత్రం పోసి తడిపిన గుడ్డ ఆరబెట్టి పంపించు. రంగు మారితే నీ పాలు కూడా కొలిచే ఇవ్వాలి” అంది. బలం వస్తుందని వాడికి గిన్నెలకు గిన్నెలు బర్రెపాలు పోసింది నేనే. నా చేతులు పడిపోను!

కప్పగల్లులో అవ్వ ఇంట్లోనే ఆడపిల్ల పుట్టింది. మూడో నెల దాకా బాలింత గడప దాటకూడదని అవ్వ నన్ను కిటికీ లేని గదిలో పెట్టింది. చెప్పిన రోజుకు గుడ్డ ఆరబెట్టి, మామకు ఇవ్వమని అవ్వ చేతికిచ్చాను. మామ బళ్లారి పోయి సాయంత్రానికి నవ్వుతూ వచ్చాడు.

“రంగు మారలేదంట. ఇంగ సుమ్నే, ఊరికే ఏడ్చి జరం తెచ్చుకోవాకు.”

ఆ మాటకు మరీ ఏడ్చాను, సంతోషం పట్టలేక. ఆ రోజు నుంచి పిల్ల నోరు తెరిస్తే చాలు, కడుపు నిండా పాలిచ్చాను.

ఆరో నెల వచ్చినా పిల్ల మెడ నిలవలేదు. పిలిస్తే చూడలేదు. ఒళ్లో వేసుకుని పాలిస్తూ, “ఆ పొద్దు గుడ్డ సరిగ్గా తడవలేదేమో అవ్వా” అన్నాను.

అవ్వ రాగిపిండి జల్లిస్తూ తలెత్తకుండానే అంది: “తడవకేంది? రెండు తూర్లు సబ్బేసి ఉతికి, ఎండేసి పంపిస్తిని. పురిటి మైల గుడ్డ అట్లే డాక్టరమ్మ చేతికిస్తే మన మర్యాద ఏముంటాది?”

పిల్లను రొమ్ము నుంచి లాగేశాను. గుక్కపట్టి ఏడ్చింది. అవ్వ, “ఏందే, బిడ్డను అట్ల చేస్తాండావు?” అని నన్నే తిట్టింది. కొలిచి ఇవ్వాలంటే ఎంత? ఆ క్షణాన నాకెవరు చెబుతారు? పిల్ల పెదాలు నీలమవుతుంటే చూడలేక, మళ్లీ పాలిచ్చాను.